నా షాపుకొస్తే చల్లబడే బండి

ఏసీ చెడిపోయిందని కారు తెచ్చిన ప్రతివాడూ మొదట చెప్పే మాట గ్యాస్ అయిపోయిందని. గ్యాస్ ఏమైనా పెట్రోలా, తాగేసి అయిపోవడానికి? పైపుల్లో తిరిగేది అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఎక్కడ కారుతోందో చూడకుండా మళ్ళీ నింపేవాడు మెకానిక్ కాదు, సిలిండర్లు అమ్ముకునేవాడు. ఈ మాట నేను మా వీధిలో అందరి ముందూ అనేదాన్ని. అందుకే మా పజుండౌంగ్ పేటలో నాకు స్నేహితులు తక్కువ, బండ్లు ఎక్కువ.

మా పెద్దవాళ్ళు బర్మాలోని ఆ ఊరిని చివరిదాకా రంగం అనే అన్నారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చాడు. మా నాన్న రేవుకి వెళ్ళకుండా కాలవ పక్కన ఉన్న ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. చలి ఎలా పుడుతుందో అక్కడ నేర్చుకున్నాడు. తరవాత సైనిక ప్రభుత్వం జపాను పాత కార్లను దేశంలోకి రానిచ్చింది. అవి వస్తూ వస్తూ ఏసీలు తెచ్చుకున్నాయి. వాటిని చూసేవాళ్ళు ఊళ్ళో పట్టుమని పదిమంది లేరు. నాన్న ఫ్యాక్టరీ మానేసి, బ్యాటరీల కొట్టుకీ టీ కొట్టుకీ మధ్యనున్న ఇరుకు జాగాలో షాపు పెట్టాడు. ఆయనకు కొడుకులు లేరు. ఉన్నా నాకే నేర్పేవాడని నా నమ్మకం, ఎందుకంటే నా చెయ్యి మంచిది.

చెయ్యి మంచిదంటే ఊరికే పొగుడుకోవడం కాదు. మా నాన్న పద్ధతిలో స్పానర్ ఆఖరున. ముందు బండి నడుస్తుండగా రెండు పైపులూ పట్టుకుని చూడాలి. లావుపాటిది చల్లగా చెమట పట్టి ఉండాలి, సన్నది వేడిగా ఉండాలి. ఎంత చల్లన, ఎంత వేడి అన్నది చేతికి తెలియాలి. తరవాత చెవి. గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్ ఇంజనుని పట్టుకునేటప్పుడు ఒక చప్పుడు, వదిలేటప్పుడు ఒక చప్పుడు. ఆ రెంటికీ మధ్య ఎంత వ్యవధి ఉందో వినాలి. ఆ తరవాత గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలు పెట్టాలి. అప్పటికే నాకు జవాబు తెలిసిపోయి ఉండేది. గేజీలు నాకు సాక్ష్యం చెప్పడానికి వచ్చేవి, అంతే.

నాన్న పోయాక షాపు నేనే నడిపాను. బర్మావాళ్ళు పనిలో గురువులాంటివాణ్ణి సయా అంటారు, ఆడమనిషైతే సయామ అంటారు. మొదట్లో ఎగతాళికి అన్నారు. ఒక వేసవి గడిచేసరికి ఆ ఎగతాళి అరిగిపోయింది. మా ఆయన అహ్లోన్ రేవులో సరుకు తూకం దగ్గర పనిచేసేవాడు. మంచివాడే. మేకు కొట్టమంటే సుత్తి ఎటు పట్టుకోవాలని అడిగే రకం. షాపు జోలికి వచ్చేవాడు కాదు, నన్ను ఆపేవాడూ కాదు.

మా అత్త అలా కాదు. ఆవిడ మా మరిది దగ్గర, మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు స్టేషను వెనక ఉండేది. నెలకోసారైనా మా ఇంటికొచ్చేది గానీ షాపు గడప తొక్కేది కాదు. రోడ్డు మీదే నిలబడి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, నా వంక చూడకుండా నన్ను పిలిచేది.

"ఏటే, ఇంటికొత్తావా, ఆ ఇనప సామానంతా కడుపులో ఎట్టుకుంటావా?"

"వత్తానత్తా. ఈ బెల్టు బిగించీసి వత్తాను."

"ఆడకూతురు సేతులేటే అవి? అంట్లగిన్నె అడుగునయం."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చేది. కాని ఆవిడకు తిరిగి చెప్పాలంటే బెల్టు బిగించడం ఆపాలి. అది నాకు ఇష్టం ఉండేది కాదు.

అటువంటి మా అత్త తన బంగారం అమ్మి మా మరిదికి కారు కొనిపెట్టింది. మెడలోది, చెవులవి, అన్నీ. చేతులకి రెండు గాజులు మాత్రం ఉంచుకుంది. తెల్ల కారు, జపానుది, లోపల సీట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. మా మరిది టాక్సీ తిప్పేవాడు. ఊళ్ళో టాక్సీకి మనుషులు దొరకడం కష్టంగానే ఉండేది, పెట్రోలు దొరకడం ఇంకా కష్టం. అప్పుడే విదేశీ అతిథుల కోసం ఊళ్ళో కొత్త హోటళ్ళు కడుతున్నారు. అందులో ఒక హోటలువాళ్ళు తమ వాకిట్లో నిలబడడానికి కొన్ని టాక్సీలను ఎంచుకుంటున్నారని తెలిసింది. ఆ స్టాండులో చోటు దొరికితే రోడ్లమ్మట తిరిగి మనుషుల్ని వెతుక్కోనక్కర్లేదు. వాళ్ళు అడిగేది ఒక్కటే, ఏసీ. సోమవారం మిట్టమధ్యాహ్నం హోటల్లో బండ్లు చూసే ఆయన వెనక సీట్లో కూర్చుని ఊళ్ళో ఒక చుట్టు తిరుగుతాడు. చల్లగా ఉంటే చోటు ఇస్తారు, లేకపోతే లేదు.

అసలు ఆ బండికి ఏసీ బాగానే ఉండేది. ఒక బస్సు పక్కనుంచి రాసుకుపోయి ముందు బంపరు సొట్ట పడింది. ఆ తరవాతే చల్లదనం పోయింది. మా మరిది నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"వొదినా, బస్సు గుద్దీసినకాడినుంచి వేడి గాలే వత్తంది. లోపలేటో ఇరిగిపోనట్టుంది."

"ఇరిగిందో లేదో నాను సెప్తాను. నువ్వు టీ తాగు."

నాకూ మొదట కండెన్సర్ మీదే అనుమానం. అది బండి ముందు, గ్రిల్లు వెనక నిలబెట్టి ఉండే జల్లెడలాంటి సామాను. లోపల పోగైన వేడిని బయటికి వదిలేది అదే. బస్సు తగిలింది కాబట్టి అది చితికిందేమో, గ్యాస్ కారిందేమో అనుకున్నాను. బానెట్ ఎత్తాను. కండెన్సర్ శుభ్రంగా ఉంది, ఒక్క రెక్క వంగలేదు. అతుకులన్నిటికీ సబ్బు నురగ పూశాను, ఎక్కడా బుడగ లేదు. ఇంజన్ నడిపి పైపులు పట్టుకున్నాను. లావుది చల్లగా, సన్నది వేడిగా, ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. గేజీలు పెడితే రెండు సూదులూ బుద్ధిగా వాటి చోట నిలబడ్డాయి. లోపల కూర్చుంటే పది నిమిషాల్లో మోచేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"ఏడీ వేడి?" అన్నాను.

మా మరిది కిటికీలోంచి చెయ్యి పెట్టి చూసి బిక్కమొహం వేశాడు. "పొద్దున్న లేదొదినా. ఒట్టు."

మర్నాడు చొక్కా తడిసి ముద్దయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బానెట్ ఎత్తాను. మళ్ళీ చల్లగా ఉంది. ఈసారి బెల్టు మార్చాను, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గితే పోశాను, దాని మూత పాతబడిందని కొత్తది పెట్టాను. ఇంజను వేడి చూపించే సూది ఆ కారు కొన్ననాడే చచ్చిపోయి ఉంది, దాన్ని అడిగి లాభం లేదు. గ్రిల్లు వెనక కమ్మీకి పసుపు దారం ముక్క ఒకటి వేలాడుతోంది. మా వాళ్ళ బండి ఏది చూసినా ఎక్కడో ఒకచోట ఏదో ఒక మొక్కు దారం ఉంటుంది కాబట్టి దాన్ని అలాగే వదిలేశాను.

ఇలా వారం సాగింది. బయట వేడి, నా దగ్గర చలి. పక్కనున్న బ్యాటరీల కొట్టు ఆయన, పెద్ద బర్మా మనిషి, నోట్లో కిళ్ళీ పెట్టుకుని చూస్తూ ఉండేవాడు. ఒక రోజు ఉండబట్టలేక అన్నాడు.

"సయామ, ఆ బండికి నువ్వంటే భయం. నీ గుమ్మం ముందు మంచి పిల్లలా ఉంటుంది, సందు తిరగ్గానే మళ్ళీ అల్లరి."

టీ కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ నాకు ఒళ్ళు మండుతోంది. మా మరిది ఈలోగా ఇంకో షాపుకి కూడా వెళ్ళాడు. వాళ్ళు పైపులైనా ముట్టుకోకుండా కంప్రెసర్ మార్చాలన్నారు. కంప్రెసర్ అంటే మా అత్త చేతుల మీద మిగిలిన గాజులు కూడా పోయినట్టే. ఆవిడ దగ్గర్నుంచి నాకు మాట కూడా వచ్చింది, మా ఆయన మోసుకొచ్చాడు, తల దించుకుని.

"అమ్మ ఏటంటందంటే," అన్నాడు, "నీకంత పనొస్తే ఈపాటికి బాగయ్యీదట. ఊరందరి బండ్లకీ సలి పుట్టిస్తావు, ఇంటి బండి దగ్గిరికొచ్చేసరికి నీ సెయ్యి సచ్చిపోనాదట."

"మా అత్తకి సెప్పు, కంప్రెసర్ బంగారంలాగుంది. గాజులు తియ్యొద్దను," అన్నాను. "సోమారం లోపు నాను తేల్చకపోతే నాన్న గేజీలు కాలవలో పారేత్తాను."

అన్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. నాకు పని విషయంలో నిద్ర చెడదు. పొద్దున్న లేచి ముఖం కడుక్కుంటుంటే బ్యాటరీ ఆయన మాట మళ్ళీ గుర్తొచ్చింది. నా గుమ్మం ముందు మంచిగా ఉంటుంది, సందు తిరిగితే చెడుతుంది. అది ఎగతాళి కాదు, అచ్చంగా ఆ బండి రోగమే. ఇన్నాళ్ళూ నేను బండిలో ఏం లోపం ఉందా అని వెతుకుతున్నాను. వెతకాల్సింది రోడ్డు మీద ఉండి, నా షాపులో లేనిది ఏమిటని. అది నా షాపులో కనిపించదు మరి. నేనే రోడ్డు మీదికి వెళ్ళాలి.

ఆదివారం మధ్యాహ్నం ఎండ బాగా ముదిరాక రైలు స్టేషను దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాను. బర్మా ఆడవాళ్ళలాగే లొంజీ కట్టుకుని, బుగ్గలకు తనాఖా గంధం రాసుకుని, గొడుగు ముఖం మీదికి వంచుకున్నాను. మా మరిది ఆ వేళకు అటే తిరుగుతాడని తెలుసు. రెండు టాక్సీలు ఆగితే వద్దని పంపేశాను. మూడోది తెల్లది. చెయ్యెత్తాను.

అక్కడ బండ్లు రోడ్డుకి కుడి పక్కనే పోతాయి, స్టీరింగ్ కూడా కుడి పక్కనే ఉంటుంది, కాబట్టి డ్రైవరు కిటికీ ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఉంటుంది. బండి ఆపి, ఎక్కడికి అని బర్మా భాషలో అడిగాడు. గొడుగు ఎత్తాను.

"ఓలమ్మ, వొదినా, నువ్వేటిక్కడ?"

"బేరం. ఎక్కించుకుంటావా, ఎండలో నిలబెడతావా?"

వాడి మాట కోసం చూడకుండా వెనక తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను. లోపల గాలి పెనం మీదనుంచి వచ్చినట్టు వస్తోంది. మా మరిది అబద్ధం చెప్పలేదు, పాపం. చెవి పెట్టి విన్నాను. కంప్రెసర్ పట్టుకుంది, నాలుగు మాటలనేలోపు వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. లోపల వేడి ఎక్కువైపోయి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అంటే వేడి బయటికి పోవడం లేదు. ముందునుంచి గాలి తగలడం లేదు.

"పక్కకి ఆపు. బానెట్ ఎత్తు."

"ఇక్కడొద్దొదినా. నీ షాపుకెల్దుము."

"నా షాపుకెల్తే సల్లబడిపోద్ది. ఇక్కడే ఎత్తు."

వాడు బండి ఆపాడు గానీ దిగడు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తరవాత వెనక్కి తిరిగి, నా కళ్ళలోకి చూడకుండా, ఒక మాట అడిగాడు.

"ఒక్క నిముసం అటు తిరగవా వొదినా?"

నేనెందుకు తిరుగుతాను? వాడికంటే ముందే దిగాను. వాడు దిగి, మొదట కాళ్ళకున్న చెప్పులు విప్పాడు. కాలుతున్న తారు రోడ్డు మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. బానెట్ ఎత్తి, దణ్ణం పెట్టి, రెండు చేతులూ గ్రిల్లు వెనక్కి పోనిచ్చి పసుపు దారాల ముళ్ళు విప్పాడు. అందులోంచి ఒక చీర తీశాడు. ఎర్ర చీర, పసుపు అంచు. పొడుగ్గా నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ మడతలు కండెన్సర్‌కి ఈ కొసనుంచి ఆ కొసదాకా సరిగ్గా సరిపోయాయి, కొలత తీసి కుట్టించినట్టు.

నాకు చూడగానే తెలిసింది. జాతరలో అమ్మవారికి కట్టిన చీరను తరవాత ఎవరో ఒకరి ఇంటికి ప్రసాదంగా ఇస్తారు. ఆ ఏడు అది మా అత్తకు వచ్చింది. బస్సు రాసుకున్న మర్నాడు ఆవిడ దాన్ని బండికి రక్షగా కట్టించిందట. బయట కడితే బురద పడుతుందని గ్రిల్లు లోపల కట్టించిందట. ఇంజను వేడెక్కి రేడియేటర్‌లో నీళ్ళు తగ్గడానికీ అదే కారణం, ఏసీ చావడానికీ అదే.

మొదట నాకు నవ్వొచ్చింది. రోడ్డు పక్కన నిలబడి గట్టిగా నవ్వాను. తరవాత ఒక సంగతి తట్టి నవ్వు ఆగిపోయింది.

"ఇది రోజూ ఉంటాదా బండికి?"

"ఉంటాది."

"మరి నా షాపుకొచ్చినపుడు ఏల లేదు?"

వాడు చీరను గుండెకి ఆనించుకుని నేల చూశాడు. కాళ్ళు కాలుతున్నాయేమో, ఒక కాలు మీద ఒక కాలు మార్చుకుంటున్నాడు.

"అమ్మ తీసీమంది. షాపుకి ఎల్లే ముందు సందు మొదల్లో తీసీసి, దాసీమంది. నూనె సేతులు, పైగా ఆడమనిసి, ఏ దినం ఏ మైలో ఏటో, అమ్మోరి సీర ముట్టుకుంటాదీ అని. నానన్నది కాదొదినా."

ఇన్ని రోజులు ఆ బండి ముందు వంగి వంగి నడుము పట్టేసింది. బెల్టు మార్చాను, మూత మార్చాను, వీధిలో నవ్వులపాలయ్యాను. రోగానికి నా చెయ్యి తగలకూడదని దాన్ని సందు మొదట్లోనే దాచేసి, చెయ్యి చచ్చిపోయిందని నాకే మాట పంపారు. ఏడుపు వచ్చింది. ఏడవలేదు, ఎందుకంటే సోమవారానికి ఇంక ఒక్క పూటే ఉంది.

"మల్లీ కట్టు," అన్నాను. "ఎలగుందో అలగే కట్టు. మీ అమ్మ దగ్గిరికి ఎల్దుము."

మా అత్త గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మేమిద్దరం కలిసి రావడం చూసి చేతులు తుడుచుకుంది. నేను చుట్టూ తిప్పి మాట్లాడలేదు.

"అత్తా, బండికి రోగం దొరికినాది. అమ్మోరి సీర."

ఆవిడ మొహం నల్లబడింది. కొడుకు వైపు ఒక చూపు చూసింది, వాడు మెల్లిగా నా వెనక్కి జరిగాడు.

"ఏటా మాట? అమ్మోరి సీర సెడుపు సేత్తాదా? అది కట్టినకాడినుంచి బండికి ఒక గీత పడినాదేటి?"

"పడలేదు. గాలి కూడా ఆడలేదు. నువ్వా సీర నాలుగు మడతలెట్టి మొకానికి సుట్టుకుని, పొయ్యి కాడ కూకుని గాలి పీల్సు. ఎలగుంటాదో బండికీ అలగే ఉంది."

"నోరు నోరు."

"నోరే. నా సేతులు మైలైతే, ఆ సేతులు బిగించిన బెల్టు మీద నీ కొడుకు ఏల తిరగతన్నాడు? ఆ సేతులు పోసిన నీల్లు ఏల పోయనిచ్చేవు? రోగం దాసీసి మందెట్టమంటే ఎవుల్ల వల్లవుతాదత్తా?"

ఆవిడ చింతపండు గిన్నె మీద మూత పెట్టింది. ఆవిడ తగ్గిందని నేను అనుకోలేదు. మా అత్త మాటకు తగ్గే మనిషి కాదు, కళ్ళతో చూస్తే తప్ప. అందుకే బండెక్కమన్నాను. ఎందుకంది. రేపు హోటలాయన కూర్చోబోయే చోట ఈ పూట నువ్వు కూర్చో అన్నాను.

ఊళ్ళో ఉన్న పెద్ద చెరువు చుట్టూ రోడ్డు మీద తిప్పించాను. ఆవిడ వెనక సీట్లో, పక్కన నేను. చీర గ్రిల్లు వెనకే ఉంది. అద్దాలు మూసి ఏసీ పెట్టమన్నాను. కాసేపటికి ఆవిడ పైటతో మెడ తుడుచుకుంది. ఇంకాసేపటికి జాకెట్టు వీపుకి అంటుకుంది. అద్దం దించబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"హోటలాయన దించడత్తా. దిగి ఎలిపోతాడు."

ఆవిడ ఆపమంది. మా మరిది చెప్పులు విప్పబోయాడు. "నువ్వుండు" అని ఆవిడే దిగింది. బానెట్ ఎత్తించి, దారాలు తనే విప్పి, చీర తీసి కళ్ళకద్దుకుంది. ఆ చీర ఎంత వేడిగా ఉందో ఆవిడ చేతులకు తెలిసింది, మొహంలో నాకు కనిపించింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. కంప్రెసర్ పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. చెరువు అవతలి ఒడ్డు చేరేసరికి మా అత్త పైట తీసి భుజాల చుట్టూ కప్పుకుంది.

"తగ్గించు నాయినా," అంది కొడుకుతో. "సలేత్తంది."

ఆ మాట నేను ఆ బండి చుట్టూ తిరిగిన వారం రోజులూ వినాలనుకున్న మాట. ఆవిడ నోట వింటాననుకోలేదు. కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

సోమవారం పొద్దున్న నేను షాపులో ఇంకో బండి బెల్టు మీద ఉన్నాను. తెల్ల కారు వచ్చి ఆగింది. వెనకనుంచి మా అత్త దిగింది. ఎప్పటిలాగే రోడ్డు మీద నిలబడి పిలుస్తుందనుకున్నాను. కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, నూనె మరకలు చూసుకుంటూ, గడప దాటి లోపలికి వచ్చింది. అవతల బ్యాటరీ ఆయన కిళ్ళీ నమలడం ఆపాడు. ఆవిడ చేతిలో ఎర్ర చీర ఉంది.

"రోడ్డు మీద బస్సులున్నాయి," అంది. "ఇది లేకుండా నాను బండి పంపను. గాలికి అడ్డు రాకుండా ఏడ కట్టాలో నువ్వు సెప్పు."

"డిక్కీలో ఎడదాం."

"అమ్మోరిని డిక్కీలో ఎడతావేటే? సిగ్గుందా?"

"సీటు కింద?"

"మొన్నటిదాకా ఆడు అక్కడే కుక్కీవోడు. నాకు తెల్దు సీటు కిందని. తెల్తే వాడి కాల్లు ఇరగ్గొట్టుదును."

చివరికి వెనక అద్దం కింద ఉండే చెక్క చూపించాను. సీటు వెనక, తలల కంటే ఎత్తులో, పాదాలు తగలని చోటు. అక్కడ పరిచి కొసలు రెండు పక్కలా కట్టేస్తే కదలదు, గాలికి అడ్డం రాదు. మా అత్త బండి చుట్టూ తిరిగి, వెనకనుంచి అద్దంలోకి చూసింది.

"బాగుంది. ఎనకమాల వచ్చే బస్సుల్ని అమ్మోరు సూసుకుంటాది. ముందొచ్చేవి వీడు సూసుకుంటాడు."

అని చీర నా వైపు చాపింది.

నా చేతులు మణికట్ల దాకా నల్లగా ఉన్నాయి. ఆవిడకు కనిపించడం లేదా అనుకున్నాను. నిన్న నేనన్న మాటలకు ఇది పరీక్షేమో అని కూడా అనుకున్నాను.

"కడుక్కుని వత్తానత్తా," అన్నాను.

"కడిగితే మటుకు పోద్దేటి ఆ నలుపు? అవతల టైమవుతంది. పట్టుకో."

పట్టుకున్నాను. ఎర్ర బట్ట మీద ఏమీ కనిపించలేదు గానీ పసుపు అంచు మీద నా బొటనవేలు అచ్చు పడింది, గీతలతో సహా. ఇద్దరం చూశాం. నేను లొంజీ కొసతో తుడవబోతే ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఉండనీ అంది. నేను బండిలోకి వంగి చీర పరిచి కొసలు కట్టాను.

ఆ మధ్యాహ్నం హోటలాయన వెనక సీట్లో కూర్చుని ఊళ్ళో ఒక చుట్టు తిరిగాడు. ఎండ పేలిపోతోంది. సగం దారిలో కోటు గుండీ పెట్టుకుని, కొంచెం తగ్గించమన్నాడట. మా మరిది హోటలు వాకిట్లో చాలా ఏళ్ళు బండి నిలబెట్టాడు. కంప్రెసర్ ఎవరూ మార్చలేదు. మా అత్త గాజులు ఆవిడ చేతులకే ఉన్నాయి.

జాతరకు బండ్ల మీదున్న రక్ష బట్టలన్నీ తీసి పసుపు నీళ్ళలో తడిపి మళ్ళీ కట్టడం మా వాళ్ళ ఆనవాయితీ. ఆ మరుసటి ఏడు గుడి వెనక ఆడవాళ్ళంతా బకెట్ల చుట్టూ కూర్చున్నారు. మా అత్త ఎర్ర చీరను గుప్పిళ్ళతో నలిపి ఉతికింది. అంచు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ జానెడు మేరా మడిచి, తడవకుండా పైకెత్తి పట్టుకుంది. పక్కనున్నావిడ, అక్కడ మరకుంది చూసుకోలేదా అని అడిగింది.

"సూసేను," అంది మా అత్త. "అది మా కోడలి ఏలిముద్ర. అది పోతే బండి మల్లీ వేడెక్కిపోద్ది."

నేను ఆవిడ వెనకే బిందెతో నిలబడి ఉన్నాను. ఆ సంగతి ఆవిడకు తెలుసు.